ఒళ్ళు దులుపుకున్న పోతు

మా నర్సక్కను తిట్టెటోళ్ళు మస్తుమంది ఉన్నరు. మేకపోతును సినిమల ఏసి నెత్తికెక్కిందని ఒకలు, పెద్దమనిషి అని సుత సూడలేదని ఒకలు, పోచవ్వకే ఎదురు నిలవడ్డదని ఇంకొకలు. ఎద్దు ఈనిందంటె దూడను కట్టెయ్యిండ్రి అనే ఊరు మాది. గందుకే నేను చెప్తున్న, జర ఇనుండ్రి. నేను ఆమె పక్కింటిదాన్ని, కల్పనను. ఆమె అరుగు మీద కూసోనే ఇద్దరం బీడీలు చేస్తం. జరిగింది మొదటి నుంచి కండ్లార సూసినదాన్ని.

మాది కొడిమ్యాల మండలం. ఊరి పేరు చెప్తె మల్ల అదొక లొల్లి, అద్దు. నర్సక్క పెనిమిటి గంగారాం బావ మస్కట్ల పని చేస్తడు. ఇంట్ల ఆమె, బిడ్డ అక్షిత, కొన్ని మేకలు. గా మేకలల్ల ఒకడు సుక్కగాడు. నల్లటి పోతు, నొసట తెల్లటి సుక్క. తల్లి ఈనంగనే సచ్చిపోతె నర్సక్క సీసతోని పాలు తాపి సాదింది. వాడు మేకల మంద ఎన్క పోయింది తక్కువ, నర్సక్క కొంగు ఎన్క తిరిగింది ఎక్కువ. మేం బీడీలు చేస్తుంటె వచ్చి ఆమె పక్కకు పండేది, సందు దొరికితె చాటల ఆకు లాగేది.

నర్సక్కకు ఒక అలవాటున్నది. మేకలతోని అందరు మాట్లాడుతరు, ఈమె మేక దిక్కు జవాబు సుత ఆమెనే చెప్తది. "ఏంరా సుక్కా, గడ్డి తినవా" అంటది. మల్ల ఆమెనే ముక్కుతోని, గొంతు జర గీరినట్టు జేసి, "నిన్నటి గడ్డి నాకద్దు, నువ్వే తిను" అంటది. కార్ఖాన మున్షి మా బీడీలు బాగలేవని పక్కకు పారేసిన్నాడు సుక్కగాడు ఆయనను ఏమేం తిట్టిండో చెప్తె పొట్టలు పట్టుకోని నవ్వినం. నోరు మంచిదైతె ఊరు మంచిదంటరు గాని, నర్సక్క నోరు మంచిది కాదు. ఉన్నదున్నట్టు అనే నోరు. ఊరికి అది ఎన్నడు నచ్చలే.

భూమేశ్‌ది కోరుట్ల. పెండ్లిళ్ళకు వీడియోలు తీసెటోడు, ఫోన్ల సూసే కామెడీలు తీసి జర పేరు తెచ్చుకున్నడు. వానికి పిల్లల సినిమా తియ్యాల్నని పట్టింది. కథ ఏందంటె, ఒక సిన్నపిల్లను మేనమామ సిరిసిల్లకు తోల్కపోతడు. ఆ పిల్ల సాదిన మేకపోతు, కుక్క, కోడిపెట్ట, మూడు కలిసి పిల్లను దేవులాడుకుంట సిరిసిల్లకు నడుస్తయి. తొవ్వల మాట్లాడుకుంటయి, కొట్లాడుకుంటయి, వాగు దాటుతయి, దొంగలకు దొరికి తప్పించుకుంటయి. ఆఖరికి బట్టలు నేసే సాంచాలు నడిసే గల్లిల పిల్ల గొంతు ఇని ఉరుకుతయి. భూమేశ్ మా అరుగు మీద కూసోని గా కథ చెప్తుంటె, అబద్ధమెందుకు, నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

మేకపోతు కోసం ఊర్లు తిరుగుకుంట మా దిక్కు వచ్చిండు. కెమెరా పట్టే ఎహసాన్ వెంట ఉన్నడు, వాడు సుత కోరుట్లోడే. వాళ్ళు వచ్చిన టైముకు నర్సక్క సుక్కగానితోని కొట్లాడుతున్నది. అడిగేది ఆమెనే, జవాబు చెప్పేది ఆమెనే. ఎహసాన్ నిలవడ్డ కాడనే నిలవడిపోయిండు. "భూమేశ్ భాయ్, పోతు దొరికింది, పోతు గొంతు సుత దొరికింది" అన్నడు. నర్సక్కకు ముందుగాల సమజ్ కాలే. మేక నోరు కంప్యూటర్ల ఆడిపిస్తమని, మాట నువ్వు చెప్పాల్నని వాళ్ళు ఇడమరిచి చెప్తె, "గిదేం పని, నేను రోజు చేసేదే గదా" అన్నది.

షూటింగ్ షురువైంది. సుక్కగాడు నర్సక్క మాట తప్ప ఎవల మాట ఇనకపోయేది. కెమెరా ఎనుక ఆమె నిలవడి పిలిస్తె నడుసుడు, ఆమె కసిరితె ఆగుడు. కుక్క సుత వానికి దోస్తయింది. కోడిపెట్ట మాత్రం ఎవలకు దోస్తు కాలే, అది అందరి మీద ఎగిరింది. ఊరు ఊరంత పనులు ఇడిసిపెట్టి సూస్తందుకు వచ్చేది. అప్పటిదాక ఎవలకు ఏ కోపం లేదు.

లొల్లి పోచవ్వ గుడి కాడ పుట్టింది. కథల ఒక సీన్ ఉన్నది. తొవ్వల ఒక ఊరోళ్ళు పోతును పట్టుకోని పోచవ్వకు బలి ఇయ్యబోతరు, పోతు అక్కడ నోరు తెరిసి మాట్లాడి తప్పించుకుంటది. భూమేశ్ ముందుగాల అట్టలతోని ఉత్త గుడి కడుదామన్నడు. ఎహసాన్ మాత్రం, అసలు గుడి ఉండంగ అట్టలెందుకు, పొద్దుగాల ఎండ గుడి మీద మంచిగ పడుతది అన్నడు. గుడి పెద్ద మా లస్మయ్య మామను అడిగిండ్రు. ఆయన కాదంటడని అనుకున్నం. కాదనుడు కాదు, వేషం ఎవలో ఎందుకు, నేనే ఏస్త అన్నడు. మీసం దువ్వుకోని, తెల్ల దోతి కట్టుకోని, రుమాలు సుట్టుకోని ముందుగాలనే వచ్చి కూసున్నడు. డప్పులోళ్ళను సుత ఆయనే పిలిసిండు.

తెల్వనోళ్ళకు ఒక ముచ్చట చెప్పాలె. మా దిక్కు పోచవ్వకు పోతును ఇచ్చే ముందు దాన్ని అడుగుతరు. మీద పసుపు నీళ్ళు పోసి, యాపమండలు పట్టుకోని నిలవడి సూస్తరు. పోతు ఒళ్ళు దులిపిందంటె ఒప్పుకున్నట్టు. దులుపకపోతె అవ్వకు ఏం కోపమొచ్చిందోనని దండం పెట్టి మల్ల పోస్తరు. ఒక్కపారి దులిపినంక ఇగ మాట లేదు, అది అవ్వ సొత్తు.

గా దినం గుడి అసలుది. డప్పు అసలుది. యాపమండలు, పసుపు నీళ్ళు అసలువి. అడిగెటోడు సుత అసలు గుడి పెద్దనే. ఉత్తది ఒక్క కెమెరానే. లస్మయ్య మామ నీళ్ళు పోసి, ఎప్పుడు అనే మాటలే అన్నడు. సుక్కగాడు కదలలే. మల్ల పోసిండు, కదలలే. భూమేశ్‌కు చెమటలు పట్టినయి. ఇంకో బిందె తెచ్చి తల మీదికెళ్ళి పోసేసరికి సుక్కగాడు కొమ్ముల కాడికెళ్ళి తోక దాక ఒక్కటే దులుపుడు దులిపిండు. ఎహసాన్ కెమెరా మీద సుత నీళ్ళు పడ్డయి. సినిమోళ్ళందరు సప్పట్లు కొట్టిండ్రు. నర్సక్క కొంగుతోని వాని మొఖం తుడిసింది.

ఆడ సూస్తందుకు వచ్చినోళ్ళల్ల ఐలమ్మవ్వ ఉన్నది. ఊర్లె అందరికన్న పెద్దది. ఆమె సప్పట్లు కొట్టలే. చేతులు జోడిచ్చి, "ఒప్పుకున్నది గదనే, ఇగ ఇయ్యకపోతె ఎట్ల" అన్నది. గంతే. గా మాట గుడి కాడికెళ్ళి హోటల్ కాడికి, హోటల్ కాడికెళ్ళి బస్ స్టాండుకు పోయింది. పొద్దుమూకేసరికి ఊరంత అదే ముచ్చట. లస్మయ్య మామ ముందుగాల నవ్విండు, సినిమ గదా అన్నడు. తర్వాత ఎవలో, పెద్దమనిషివి నువ్వే అడిగి నువ్వే మరిస్తె రేపు ఊరికి ఏమన్న అయితె ఎవలు జిమ్మేదారి అన్నరంట. మా మామకు భయం పట్టింది. భయాన్ని బయటికి సూపెట్టలేక కోపం సూపెట్టిండు. నర్సక్క ఇంటికి వచ్చి, ఐతారం నాడు పోతును గుడి కాడికి తీసుకరా అని చెప్పి పోయిండు.

భూమేశ్ పరేషాన్ అయిండు. ఇంకో పోతును తెచ్చిస్త అన్నడు, దానికన్న పెద్దది. లస్మయ్య మామ ఇనలే. అడిగింది దీన్ని, ఒప్పుకున్నది ఇది, ఇంకోదాన్ని ఎట్ల ఇస్తరు అన్నడు. ఊరోళ్ళు నలుగురు ఎగేసుకోని వచ్చేసరికి భూమేశ్ సామాన్లు సదురుకున్నడు. మిగిలింది కంప్యూటర్ల సూసుకుంటమక్కా, మాతోని లొల్లి కాదు అని బండెక్కి కోరుట్లకు పోయిండు. పొయ్యి రాజేసి పక్కకు తప్పుకున్నట్టు పోయిండు. నాకు గిప్పటికి వాని మీద కోపమే.

ఊర్లె కొందరు అప్పుడే కూరొండే గంజులు తోమి పెట్టుకున్నరు. నేను మొఖం మీదనే అడిగిన, మీకు అవ్వ భయమెక్కువనా కూర మీద ఆశెక్కువనా అని. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, సాదింది ఆమె, ఇచ్చేది వీళ్ళు. మస్కట్ కాడికి సుత ఎవలో ఫోన్ కొట్టిండ్రు. గంగారాం బావ ఫోన్ చేసి, ఊరితోని మనకెందుకే, ఇచ్చెయ్యరాదు, ఇంకోటి కొనుక్కుందువు అన్నడు. నర్సక్క ఇంతసేపు ఇన్నది. "నువ్వు ఆడున్నవు, ఊరు నాతోని ఈడున్నది. నేనే సూస్కుంట" అని పెట్టేసింది.

గా వారంలనే అక్షితకు జరమొచ్చింది. ఇగ సూడుండ్రి ఊరి తమాష. వాకిట్ల మంది. ఐలమ్మవ్వ పిల్ల నొసలు పట్టి సూసి, అవ్వ సూపెట్టింది బిడ్డా, ఇగనన్న మొండి ఇడిసిపెట్టు అన్నది. ఆమె చెడుగ అనలే, భయపడే అన్నది. నర్సక్క పిల్లను ఆటోల ఏసుకోని జగిత్యాలకు తోల్కపోయింది, నేను వెంట పోయిన. డాక్టర్ సూసి, ఇప్పుడు ఇంటింట గిదే జరం నడుస్తున్నది, మందులు ఏస్తె తగ్గుతది అన్నడు. పిల్లకు సూది ఇస్తుంటె మేం బయట బెంచి మీద కూసున్నం.

నర్సక్క ఏడ్వంగ నేను గప్పుడే సూసిన. గంగారాం బావ ఇమానం ఎక్కిన్నాడు సుత ఏడ్వని మనిషి. "కల్పనా, పిల్లకు ఏమన్న అయితె? మేకను పట్టుకోని నేనేం జేస్త?" అన్నది. నాకు సుత గదే భయం. అవ్వంటె మాకు ఆట కాదు. సిన్నప్పటికెళ్ళి బోనమెత్తిన చేతులు మాయి.

శానసేపు ఏడ్సింది. ఏడ్సినంక మొఖం తుడుసుకోని, నాతోని కాదు, ఎదురుంగ గోడతోని అన్నట్టు అన్నది. "పోచవ్వ నా బిడ్డను పట్టుకోని బేరమాడుతదా? బేరమాడేది లస్మయ్య బావ. నా పోచవ్వను గంత సిన్నది చెయ్యనియ్య." గా మాట అన్నంక ఇగ ఆమె కంట్ల చుక్క నీళ్ళు నేను సూడలే.

అక్షిత జరం తగ్గింది. తగ్గితె సుత ఊరు ఊకున్నదా? ఇస్తదని అవ్వకు తెలిసి తగ్గిచ్చింది అన్నరు. గిసొంటి నోర్లకు మూత ఏడ దొరుకుతది?

ఐతారం వచ్చింది. నర్సక్క తలకు పోసుకున్నది, బోనం ఒండింది, సుక్కగాని నొసట కుంకుమ పెట్టింది. సూసేసరికి నా పానం ఉసూరుమన్నది, ఇగ ఇచ్చేస్తది అనుకున్న. పోంగ పోంగ నాతోని, "నువ్వు బక్కెట్ నిండ నీళ్ళు పట్టుకోని నా ఎనుకనే రా" అన్నది. కాళ్ళు కడుగుతందుకేమో అనుకోని పట్టుకపోయిన. గుడి కాడ ఊరంత ఉన్నది. డప్పు కొడుతున్నరు. లస్మయ్య మామ మల్ల గదే తెల్ల దోతి, గదే రుమాలు. నర్సక్క బోనం దించి అవ్వ ముంగట పెట్టింది. పోతు తాడు మాత్రం చేతికే సుట్టుకున్నది. లస్మయ్య మామ, మల్ల నీళ్ళు పోసే పనిలేదు, అది ఎన్నడో ఒప్పుకున్నది అని చెయ్యి సాపిండు.

"ఒప్పుకున్నదని ఎట్ల తెలిసె బావా?" అన్నది నర్సక్క. పెద్దగ అనలే, మర్యాదగనే అడిగింది.

"ఒళ్ళు దులిపింది గదా. ఊరంత సూసిండ్రు."

నర్సక్క నా చేతిలకెళ్ళి బక్కెట్ తీసుకున్నది. ఏం జేస్తున్నదో నాకు సమజయ్యేలోపట బక్కెట్ నీళ్ళు లస్మయ్య మామ నెత్తి మీద కుమ్మరిచ్చింది. అప్పుడే తోడిన బోరు నీళ్ళు, సల్లగున్నయి. ఆయన ఒక్క ఎగురు ఎగిరిండు. తల ఇదిలిచ్చిండు, భుజాలు ఇదిలిచ్చిండు, చేతులు ఇదిలిచ్చిండు. రుమాలు కింద పడ్డది. డప్పు ఆగిపోయింది.

నర్సక్క కాలీ బక్కెట్ కింద పెట్టి ఊరోళ్ళ దిక్కు తిరిగింది. "ఊరంత సూసిండ్రు. మా బావ ఒప్పుకున్నడు. ఇప్పుడేం జేద్దాం?"

ఏ ఆడమనిషైన పెనిమిటికి అన్న వరుసయ్యే బావ ఎదురుంగ కూసుంటదా మా దిక్కు? కొంగు సదురుకోని పక్కకు జరుగుతది. గసొంటిది నెత్తి మీద బక్కెట్ కుమ్మరిచ్చింది. ఇయ్యాల ఈమెను కొడుతరు అనుకోని నేను బక్కెట్ చేతికి తీసుకున్న, కొడితె నేను సుత కొడుదామని. గాని ముందుగాల నవ్వింది ఎవలో తెలుసా? ఐలమ్మవ్వ. పండ్లు లేని నోరు కొంగుతోని మూసుకోని కిసకిస నవ్వుడు పెట్టింది. ఆమె నవ్వినంక పిల్లలు నవ్విండ్రు, పిల్లలు నవ్వినంక డప్పులోళ్ళు నవ్విండ్రు. లస్మయ్య మామ మీసం పొంటి నీళ్ళు కారుతున్నయి.

నర్సక్క నవ్వలే. అవ్వ ముంగట మోకాళ్ళ మీద కూసున్నది. గా మాటలు ఎవలకోసం గట్టిగ అన్నది కాదు, గాని ముంగటున్నోళ్ళందరం ఇన్నం. "అవ్వా, గా దినం ఇక్కడ ఆడింది ఆట. ఆటల అడిగిండ్రు, ఆటల దులుపుకున్నడు. ఎములాడల రాజన్న మొక్కినోళ్ళ కోడెను గుడి కాడ కట్టేసుకోని సంబురపడుతడు, పానం అడుగడు. నువ్వు ఆయన కన్న దయ తక్కువదానివా? నీకు కోపమొస్తె నా మీదికి రా. పిల్ల మీదికి రాకు, మేక మీదికి రాకు. నేను ఈడనే ఉంట, ఏడికి పోను." పసుపు తీసి అవ్వకు పెట్టింది, అదే పసుపు సుక్కగానికి పెట్టింది. లేసి తాడు పట్టుకోని ఇంటి తొవ్వ పట్టింది. మంది రెండు దిక్కుల జరిగి సందిచ్చిండ్రు. ఒక్కలన్న తాడు మీద చెయ్యి ఎయ్యలే.

తర్వాత అంత మంచిగయిందని చెప్త అనుకుంటున్నరా? కాలే. శాన దినాలు నీళ్ళ నల్ల కాడ నర్సక్కతోని ఎవలు పలకలే. పెండ్లికి పిలువలే, సావుకు పిలువలే. లస్మయ్య మామ ఆమె ఎదురైతె గల్లి మార్చేది. గంగారాం బావ సుత నారాజై కొన్నాళ్ళు ఫోన్ చెయ్యలే. నర్సక్క బీడీలు చేసుకుంట, ముక్కుతోని సుక్కగాని మాటలు చెప్పుకుంటనే ఉన్నది. మాట్లాడనోళ్ళు ఒక్కొక్కలే గా మాటలు ఇంటందుకు అరుగు కాడికి జరిగిండ్రు.

గా ముచ్చట కోరుట్లకు సుత పోయింది. ఎహసాన్ భూమేశ్‌ను బాగ తిట్టిండంట, ఆ అక్క ఒక్కతే ఊరి ముంగట నిలవడితె మనం బండెక్కి ఉరికినమని. ఇద్దరు మల్ల వచ్చిండ్రు. మిగిలిన షూటింగ్ అయింది. మాటలు చెప్పుడు జగిత్యాలల. ఒక సిన్న రూము, గోడలకు బొంతలు, నడుమ మైకు. నర్సక్క తోడు రమ్మంటె నేను సుత పోయిన. అద్దం ఎనుక భూమేశ్, ఎహసాన్. తెర మీద సుక్కగాడు. నర్సక్క ఒక్కొక్క మాట అల్కగ చెప్పుకుంట పోయింది, కుక్కను తిట్టింది, కోడిపెట్టను ఎక్కిరిచ్చింది.

గుడి సీన్ వచ్చింది. తెర మీద లస్మయ్య మామ నీళ్ళు పోసిండు, సుక్కగాడు దులిపిండు. భూమేశ్ ఏం రాసిండంటె, పోతు కాళ్ళ మీద పడి, నన్ను సంపకుండ్రి, నీ బాంచెన్, నా పిల్ల నా కోసం ఎదురు సూస్తున్నది అని ఏడ్వాలె. పిల్లలు ఏడుస్తరు, సినిమకు గదే పానం అన్నడు. నర్సక్క చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నా పోతు ఎవలను బతిలాడదు."

భూమేశ్ శానసేపు చెప్పి సూసిండు. ఈమె ఊకోలే. బాంచెన్ అనే మాట మా తాతలు దొరలకు అన్నది సాలు, మేకతోని సుత అనిపిస్తవా అన్నది. మరి ఏమనాలె, మాట లేకుంట సీన్ ఎట్ల అంటె, నేను చెప్త, నువ్వు మైకు పెట్టు అన్నది. పెట్టిండు. చెప్పింది. ఒక్కపారే చెప్పింది. ఎహసాన్ అద్దం ఎనుక నిలవడి రెండు చేతులు పైకెత్తిండు.

సినిమను సిరిసిల్లల మొదటిసారి ఏసిండ్రు. సాంచాల మీద పనిచేసెటోళ్ళ పిల్లలు ఒక్క కుర్చి ఇడిసిపెట్టకుంట నిండిండ్రు. మా ఊరికెళ్ళి సుత వ్యానుల పోయినం. తెర మీద మొఖం సూసుకోవాలెనని ఆశ ఉంటది గదా, లస్మయ్య మామ సుత ఇస్త్రీ దోతి కట్టుకోని వచ్చిండు. నర్సక్కకు దూరంగ, అటు దిక్కు పొంటి కూసున్నడు.

గుడి సీన్ రాంగనే పిల్లలు సప్పుడు బంద్ చేసిండ్రు. నీళ్ళు పోసిండ్రు. సుక్కగాడు దులిపిండు. కత్తి తీసిండ్రు. నా పక్క సీట్ల పిల్ల నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. సుక్కగాడు తల ఎత్తి, లస్మయ్య మామ మొఖంల మొఖం పెట్టి సూసిండు. నర్సక్క గొంతు హాలంత ఇనవడ్డది.

"జరుగు తాతా. నాకు ఇంకా మస్తు దూరం పోయేదున్నది."

పిల్లలు కుర్చీల మీద లేసి నిలవడ్డరు. జరుగు తాతా, జరుగు తాతా అని హాలు పగిలేటట్టు మొత్తుకున్నరు. నేను తెర సూసుడు ఇడిసిపెట్టి అటు దిక్కు సూసిన. మా లస్మయ్య మామ, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే, పక్కకు జరిగిండు.